వంద ఇళ్ళకు పంచాల్సిన తొక్

పేరు చూసి నవ్వకండి. కొరియాలో బియ్యప్పిండితో చేసే పిండివంటలన్నిటినీ కలిపి తొక్ అంటారు. అమ్మకి ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు "ఏంటే, తొక్కా?" అంది. ఆ తర్వాత ఇక్కడున్నన్నాళ్ళూ అలాగే పిలిచింది. మా పాప వందో రోజుకి ఆ తొక్ చేసి పంచడానికి మేం పడ్డ పాట్లు ఇవి. ఇక్కడ పిల్లల్ని కంటున్న మనవాళ్ళకి పనికొస్తాయని, మర్చిపోకముందే రాస్తున్నాను.

మేం ఉండేది కొరియాలో, సియోల్ దగ్గరి సువొన్‌లో. 2019 జూన్ 11న పాప పుట్టింది. అమ్మ తెనాలి నుంచి జూన్ 28న దిగింది. వీసా 90 రోజులకే ఇస్తారు. కాన్పుకి ముందే రప్పిస్తే తర్వాత చేసేవాళ్ళు ఉండరని కావాలనే ఆలస్యంగా పిలిచాం. తిరుగు టికెట్ సెప్టెంబరు 22కి.

జూలై 28, ఆదివారం. లిఫ్టులో మా కింది ఫ్లాటు హాల్మొని కనిపించింది. హాల్మొని అంటే బామ్మ. ఎప్పుడు ఎదురైనా ముందు పాప పాదాలకేసి చూస్తుంది, మేజోళ్ళు లేకపోతే నన్ను తిడుతుంది. ఎండాకాలమైనా సరే. ఆ రోజు తిట్టడం అయ్యాక, "బెక్‌ఇల్ ఎప్పుడు?" అని అడిగింది. వందో రోజన్నమాట. నేను ఫోన్‌లో లెక్కేసి సెప్టెంబరు 19 అన్నాను. ఆవిడ వేళ్ళు ముడిచి, పుట్టిన రోజునే ఒకటిగా లెక్కపెట్టాలని, 18 అని సరిచేసింది. ఆ రోజు బెక్‌సొల్గి చెయ్యాలట. తెల్లగా, ఏ పప్పూ ఏ రంగూ లేకుండా ఆవిరి మీద ఉడికించే తొక్ అది. వంద ఇళ్ళకు పంచితే బిడ్డకి నిండు నూరేళ్ళు.

ఈ దేశంలో నాకు వంద మనుషులే తెలీదు, వంద ఇళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి?

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను, నవ్వుతుందేమో అనుకుంటూ. నవ్వలేదు. "21వ రోజు మనం బారసాల చేశాం కదా, వాళ్ళకేమీ లేదా?" అని అడిగింది. ఉందట, తర్వాత హాల్మొనినే అడిగాను. పాతకాలంలో వీళ్ళూ 21 రోజులు గుమ్మానికి గడ్డితాడు కట్టి బయటివాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదు. ఆ ఒక్క అంకె కుదిరేసరికి అమ్మకి ఉత్సాహం వచ్చేసింది. "తెల్ల కుడుమేగా, నేను చేస్తా" అంది. నెల రోజులుగా నాలుగు గోడల మధ్య, మాటలు అర్థం కాని టీవీ ముందు కూర్చుని ఉన్న మనిషి. వద్దనలేకపోయాను.

ఆగస్టు 17న మొదటి ప్రయత్నం. సూపర్‌మార్కెట్ నుంచి కిలో బియ్యప్పిండి ప్యాకెట్ తెచ్చాను. ఇడ్లీ కుక్కర్లో రేకులు తీసేసి, గిన్నెలో తడిగుడ్డ పరిచి, పంచదార కలిపిన పిండి పోసి, ఆవిరికి పెట్టింది. నలభై నిమిషాలు. మూత తీస్తే పైన జిగట, లోపల పొడి. చాకు పెడితే పాత గోడ సున్నంలా రాలింది. ఇంకో వాయి నీళ్ళు ఎక్కువ పోసి చేసింది, అది మైదా జిగురులా వచ్చింది. మా ఆయన పాపం "బాగుంది అత్తయ్యగారూ" అంటూ రెండు ముక్కలు మింగారు. అమ్మ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. నలభై ఏళ్ళుగా పిండివంటలు చేస్తున్న చెయ్యి మరి.

మా ఆయన ఆఫీసులో ఎవరో చెప్పారు, సియోల్లో తొక్ కోసమే ఒక మ్యూజియం ఉందని. పాత వంటింటి సామాన్లు కూడా ఉంటాయట. వంటకం నేర్చుకోవడానికి మ్యూజియంకి వెళ్ళడమేంటని నాకనిపించింది. కానీ అమ్మ ఎయిర్‌పోర్టు నుంచి వచ్చాక ఊరే చూడలేదు. ఆగస్టు 24, శనివారం అనుకున్నాం. వంద రోజులు నిండకుండా పాపని రైలెక్కిస్తే హాల్మొని మమ్మల్ని బతకనివ్వదు కాబట్టి మా ఆయన ఇంట్లో ఉంటానన్నారు. ముందు రోజు నుంచి పాలు పిండి రెండు సీసాలు ఫ్రిజ్‌లో పెట్టాను. మూడు గంటలకోసారి పాలు తాగే పిల్ల. అంటే నాకు దొరికేది మహా అయితే ఆరు గంటలు.

తొమ్మిదింటికి బయల్దేరాం. సువొన్ స్టేషన్ నుంచి ఒకటో లైన్ రైలు నేరుగా జొంగ్నో సాంగా వెళ్తుంది, గంటంబావు పైనే పట్టింది. అక్కడ దిగి ఛాంగ్‌డొక్‌గుంగ్ రాజభవనం వైపు నడవాలి, పది నిమిషాలు. అమ్మ వేగానికి పావుగంట. మ్యూజియం ఆ రాజభవనం గేటుకి కాస్త ముందే ఉంది. సంప్రదాయ కొరియా వంటల సంస్థ వాళ్ళు నడిపేది. టికెట్ అప్పట్లో మనిషికి 3,000 వొన్. పెద్దదేమీ కాదు. గబగబా చూస్తే అరగంటలో అయిపోతుంది. మేం గంటన్నర ఉన్నాం.

నాకు కొరియన్ అంతంత మాత్రమే, బోర్డు చదవాలంటే ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. నేను మొదటి బోర్డు సగం చదివేలోపు అమ్మ నాలుగు అద్దాల అవతల ఉంది. "ఇదుగో చాట. ఇదుగో జల్లెడ. తిరగలి చూడవే, పిడి కూడా అలాగే ఉంది." రోలూ రోకలీ రాతిదీ ఉన్నాయి, చెక్కదీ ఉన్నాయి. బియ్యంలో రాళ్ళు గాలించే వెదురు గరిటె లాంటిదొకటి ఉంటే, అదేమిటో నేను చదివి చెప్పేలోపే అమ్మ చేత్తో గాలిస్తున్నట్టు ఊపి చూపించింది. కొత్త సంవత్సరానికి దాన్నే అదృష్టం కోసం గోడకి తగిలిస్తారని నేను అంతకుముందు ఎక్కడో విన్నాను. చాట గురించి హాల్మొని చెప్పింది ఒకటుంది. పక్క తడిపిన పిల్లాడి నెత్తిన చాట బోర్లించి, పక్కింటికెళ్ళి ఉప్పు అడుక్కురమ్మని పంపేవాళ్ళట. అది చెబితే అమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. అక్కడున్న ఇద్దరు కాలేజీ పిల్లలు మమ్మల్ని తిరిగి చూశారు.

సిరు దగ్గర మాత్రం ఆగిపోయింది. మట్టి కుండ, అడుగున చిల్లులు. నీళ్ళ కుండ మీద దీన్ని కూర్చోబెట్టి, రెంటి మధ్య సందులోంచి ఆవిరి పోకుండా చుట్టూ పిండి ముద్ద మెత్తుతారు. "మా నాయనమ్మ వాసెన కుండకి ఇట్లాగే మెత్తేది" అంది. నేను వాసెన కుడుము తిన్నానే కానీ కుండకి గుడ్డ కట్టి చేయడం చూసినదాన్ని కాదు. తెనాలిలో మా ఇంటి రోలు ఇప్పుడు పెరట్లో తులసి కుండీకి ఆసరాగా ఉంది. ఇక్కడేమో అద్దాల బీరువాలో, లైటు కింద. అమ్మ ఆ మాటే రెండుసార్లు అంది, కోపంగానో గర్వంగానో తెలీలేదు.

తొక్‌సాల్ అని అచ్చులున్నాయి. చెక్కవీ ఉన్నాయి, పింగాణీవీ ఉన్నాయి. మెత్తటి తొక్ మీద నొక్కితే పువ్వో చేపో అక్షరమో పడుతుంది. పూర్వం ఒక్కో వంశానికి ఒక్కో ముద్ర ఉండేదట, అచ్చుని వేరే ఇంటికి అరువు ఇచ్చేవాళ్ళు కాదట. పంచదార చిలకల అచ్చులు మా మేనత్త కూడా ఎవరికీ ఇచ్చేది కాదు కానీ, దానికి కారణం వంశమర్యాద కాదు, ఇచ్చినవి తిరిగి రావని.

తర్వాత పుట్టుక నుంచి చనిపోయాక పెట్టే తిథి దాకా, ఏ వేడుకకి ఏ తొక్ పెడతారో బల్లలు సర్ది చూపించారు. మొదటి పుట్టినరోజు బల్ల మీద తెల్ల తొక్ పక్కనే ఎర్ర చిక్కుడుగింజల పొడి అద్దిన జొన్న ఉండలు. ఎరుపు దిష్టి తగలకుండా. బిడ్డ ముందు దారం, కుంచె, డబ్బు పెట్టి ఏది పట్టుకుంటుందో చూస్తారు. "ఇది అన్నప్రాసన కదే" అంది అమ్మ, తనని ఎవరో మోసం చేసినట్టు.

మాకు అసలు కావలసింది ఇంకా దొరకలేదు. తొక్ తయారయ్యే వరస చూపించే చోట, ముందు బియ్యం నానబెట్టడం, తర్వాత దంచడం, జల్లించడం, ఆ తర్వాతే సిరు. అమ్మ అక్కడ నిలబడి నుదురు కొట్టుకుంది. "తడిపిండే! అరిసెల పిండి! నువ్వు తెచ్చింది పొడిపిండి." తప్పు నామీదికి ఎంత తేలిగ్గా వచ్చిందో చూశారా. అక్కడ పనిచేసే ఒకావిడ మా గొడవ చూసి దగ్గరికొచ్చింది. పొడిపిండితో బెక్‌సొల్గి చేయబోయామని నా వచ్చీరాని కొరియన్‌లో చెబితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నీళ్ళెన్ని పొయ్యాలని అడిగాను. కొలత చెప్పలేదు. పిడికిలి బిగించి తెరిచింది, ముద్దని అరచేతిలో రెండుసార్లు ఎగరేసినట్టు చేసి, విరగకూడదని వేలు ఊపింది. అమ్మ కూడా పిడికిలి పట్టి, రెండో చేతి వేలితో తట్టి, రాలినట్టు చూపించింది. ఆవిడ "నే, నే" (అవును, అవును) అంటూ తలాడించింది. మధ్యలో నేను అనవసరం. ఇద్దరూ ఒక నిమిషం గాల్లో పిండి కలిపారు.

కింది అంతస్తులో తొక్ కేఫ్ ఉంది. అక్కడ రెండు మూడు రకాలు తిన్నాం, అసలు ఎలా ఉండాలో నోటికి తెలియాలి కదా. బెక్‌సొల్గి కేకులా పొంగదు. మెత్తగా, తడిగా, చేత్తో తుంచితే పొరలు పొరలుగా విడుతుంది. తీపి చాలా తక్కువ. అమ్మ ముక్కని వాసన చూసి, వేళ్ళ మధ్య నలిపి, అప్పుడు తింది.

పక్కనే నాక్‌వొన్‌దోంగ్‌లో పాత తొక్ దుకాణాలున్నాయి. రాజరికం పోయాక అంతఃపుర వంటగత్తెల చేతి పని ఈ వీధికి చేరిందంటారు. అమ్మకి చూడాలని ఉంది కానీ ఒంటిగంటా ఇరవైకి మా ఆయన మెసేజ్: రెండో సీసా అయిపోయింది. ఇక నా అవస్థ చెప్పనక్కర్లేదు. పాలిచ్చే తల్లులు బయటికెళ్తే పంపు కూడా వెంట తీసుకెళ్ళండి. నేను తీసుకెళ్ళలేదు. రైల్లో గంటంబావు గుండెలకి సంచీ అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. మూడున్నరకి తలుపు తెరిస్తే పాప ఏడుపు, మా ఆయన మొహం అంతకంటే ఏడుపు.

తర్వాత పిండిమర వేట. నానిన బియ్యం ఆడించే మరలు ఇక్కడ సందు సందుకీ ఉన్నాయి, సంతలో అయితే తప్పకుండా ఉంటాయి. ఆగస్టు 31న వెళ్ళి అడిగితే మర యజమానురాలు గోడ మీది క్యాలెండర్ చూపించింది. సెప్టెంబరు 13 చూసొక్, వాళ్ళ పెద్ద పండగ. అప్పటిదాకా పైన్ ఆకుల మీద ఉడికించే అర్ధచంద్రాల సాంగ్‌ప్యొన్ తప్ప ఇంకేమీ లేదు, మూడు కిలోల బేరానికి మర ఆపేది లేదు, 16 తర్వాత రమ్మంది. మా పండక్కి ఇంకా పద్దెనిమిది రోజులుంది, సరే అనుకున్నాం. కానీ ఆ రోజున మొదటిసారే కుదరాలి, రిహార్సల్ లేదు. టెన్షన్ మొదలైంది. ఆర్డర్ ఇద్దామని మా ఆయన ఓ దుకాణంలో కనుక్కున్నారు. వాళ్ళ లెక్క మల్‌లో. ఒక మల్ అంటే 8 కిలోల బియ్యం, బెక్‌సొల్గికి 80,000 వొన్ చెప్పారు. "మీ డబ్బు మీ ఇష్టం అల్లుడుగారూ" అంది అమ్మ. ఆ మాటకి అర్థం పెళ్ళైన మొదటి ఏడాదే ఆయనకి తెలుసు. ఆర్డర్ ఇవ్వలేదు.

సెప్టెంబరు 2న వినాయక చవితి వచ్చింది. ఉండ్రాళ్ళకని బియ్యప్పని చేస్తూనే అమ్మ రెండు కప్పుల బియ్యం నానబెట్టి, ఆరబోసి, మిక్సీలో కొంచెం కొంచెం వేసి జల్లించింది. మిక్సీ వేడెక్కడం, ఆపడం, మళ్ళీ తిప్పడం. మధ్యాహ్నమంతా అయింది. ఒక పళ్ళెమంత బెక్‌సొల్గి వచ్చింది. దేవుడి ముందు ఉండ్రాళ్ళ పక్కన పెట్టాం. రుచి కేఫ్‌లో తిన్నదానికి దగ్గరగానే ఉంది, కాకపోతే ఉప్పు వెయ్యలేదు. వీళ్ళ పిండిలో ఉప్పు తప్పకుండా పడాలి.

17 రాత్రి తొమ్మిదింటికి మూడు కిలోల బియ్యం నానబెట్టాం. మామూలుగా వండుకునే కొరియా బియ్యమే, జిగురు బియ్యం కాదు. దీనికి అది పనికిరాదు. ఉదయం ఏడింటికి చిల్లుల గిన్నెలో వార్చి అరగంట ఉంచాం. ఎనిమిదింటికి మర దగ్గరున్నాం. ఆవిడ అడగకుండానే ఉప్పు వేసింది, మంచిదైంది. నీళ్ళు కలిపి ఆడించనా, వద్దా అని అడిగింది. ఈ ప్రశ్న వస్తుందని మాకు తెలీదు. అమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది, నీళ్ళ సంగతి తన చేతికే వదలమని. రెండుసార్లు ఆడించి 6,000 వొన్ తీసుకుంది. పావుగంట పని. మంచు లాంటి పిండి నాలుగు కిలోల దాకా వచ్చింది. ఆ పిండి ఆ రోజే వాడాలి, లేదంటే ఫ్రీజర్‌లో పెట్టాలి.

వెదురు ఆవిరి పాత్రలు రెండు, 25 సెంటీమీటర్లవి, ముందే కొన్నాం. అడుగున వేసే చిల్లుల సిలికాన్ పీటతో కలిపి 23,000 వొన్. మొదటి వాయి బీటలు వారింది, నీళ్ళు చాల్లేదు. రెండో వాయి మూతకి గుడ్డ కట్టడం మర్చిపోయాం, ఆవిరి చుక్కలు పడి పైన గుంటలు పడ్డాయి. ఇడ్లీకి ఎప్పుడూ మర్చిపోని అమ్మ ఆ రోజు కంగారులో మర్చిపోయింది. మూడోదానికి పిండి చల్లగా నీళ్ళు చిలకరించి, రెండు చేతులతో నలిపి, పిడికిలి పట్టి ఎగరేసింది. విరగలేదు. రెండుసార్లు జల్లించి, పంచదార మాత్రం ఆఖర్న కలిపింది. ముందే కలిపితే చెమ్మకి కరిగి ముద్దలు కడుతుంది. పిండిని నొక్కకుండా పరచాలి, నొక్కితే ఆవిరి పైకి రాదు. ఆవిరి బాగా వచ్చాక ఇరవై నిమిషాలు, మంట ఆపేసి ఐదు నిమిషాలు. మూత తీసినప్పుడు వంటిల్లంతా కొత్త బియ్యం వాసన.

సమంగా ముక్కలు రావాలని అమ్మ చాకు తీసింది. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర హాల్మొని. చాకు చూసి గుమ్మంలోంచే కేకేసింది. బెక్‌ఇల్ తొక్‌ని చాకుతో కొయ్యకూడదట, అన్నం హస్తంతో తుంచి పెట్టాలట. బిడ్డ ఆయుష్షుది కదా. అమ్మకి తర్జుమా చెయ్యక్కర్లేకపోయింది, చాకు వెనక్కి దాచేసింది. అందుకే మేం పంచినవి ఏ రెండు ముక్కలూ ఒక్కలా లేవు.

బాగా వచ్చినవి మూడు వాయిలు, పాడైన రెండూ మేమే తిన్నాం. మా బ్లాకులో పందొమ్మిది ఇళ్ళు, తెలుగువాళ్ళవి ఏడు, మొత్తం ఇరవై ఆరు. ఆఫీసుకి ఒక డబ్బా. వందకి చాలా దూరం, కానీ ఆఫీసు డబ్బాని నలభై ఇళ్ళ కింద లెక్కెయ్యొచ్చని మా ఆయన వాదన. కొరియా తొక్ సాయంత్రానికే గట్టిపడుతుంది, కాబట్టి వేడిగా ఉండగానే పంచాలి. తెలుగువాళ్ళకి డబ్బాల్లో పెట్టి, బ్లాకులో మాత్రం స్టీలు పళ్ళేల్లో ఇవ్వాలని అమ్మ పట్టు. ఉన్నవి పదకొండే. మిగతావాళ్ళకి కాగితం ప్లేట్లు. కొన్ని ఇళ్ళల్లో తలుపు తీసిన కుర్రాళ్ళు మేమేదో అమ్మడానికి వచ్చామనుకున్నారు. బెక్‌ఇల్ అనగానే మొహాలు మారిపోయాయి.

ఇక్కడ పళ్ళెం ఖాళీగా తిరిగి రాదని హాల్మొని ముందే చెప్పింది. మన దగ్గరా గిన్నె ఖాళీగా ఇవ్వరు, ఒక పలుకు పంచదారైనా వేస్తారు. హాల్మొని తన పళ్ళెంలో తెల్లదారం చిట్టం పెట్టి ఇచ్చింది, ఆయుష్షు దారంలా సాగాలని. ఒకరు బియ్యం, ఒకరు కవర్లో 10,000 వొన్, ఒకరు ఐదు బేరిపళ్ళు. మిగతా చాలామంది మేజోళ్ళే. చిన్న చిన్నవి, వేలెడంతవి.

22న అమ్మ వెళ్ళిపోయింది. ఒక వెదురు పాత్రని పెట్టెలో చీరల మధ్య సర్దుకుంది. అప్పటికి పది పళ్ళేలు వచ్చాయి. దిగిన వెంటనే ఫోన్‌లో అడిగిన మొదటి ప్రశ్న పాప గురించి కాదు, "పదకొండోది వచ్చిందా?" అని. అది ఎనిమిదో అంతస్తు వాళ్ళ దగ్గర ఉండిపోయింది. 24 సాయంత్రం బెల్లు కొట్టి, ఆలస్యమైందని పదిసార్లు వంగి క్షమాపణ చెప్పి ఇచ్చారు.

మేజోళ్ళే. ఇప్పటికి తొమ్మిది జతలు.